గానుగ ఇరుసు మీద సుద్ద

కిరసనాయిలు వాసనలో సుద్దపొడి వాసన కలిస్తే ఇప్పటికీ నా గుండె గబగబా కొట్టుకుంటుంది. ఈ ఉదయం తిరుపతిలోని మా ఇనుము పరీక్షల షెడ్డులో ఒక కడ్డీకి సుద్ద పూస్తుంటే, జమీలా మేడమ్ వెనక నిలబడి "తొందరపడొద్దు సుగుణా, దాన్నే చెప్పనీ" అంటున్నట్టే ఉంది.

మేడమ్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఈ షెడ్డు పెట్టారు. ఇనుప కడ్డీని యంత్రానికి బిగించి, బరువు వేలాడదీసి, విరిగేదాకా తిప్పి, ఆ లెక్కతో అసలు యంత్రాల ఆయుష్షు చెప్పడం ఆమె పని. నేను ఊడవడానికి చేరాను. నలభై దాటినా అక్షరం రాదు. ఒకరోజు ఆమె రెండు కడ్డీలు చూపించారు. ఒకటి సన్నం, నున్నన. రెండోది లావు, కానీ నడుం చుట్టూ సన్నటి గాటు. రెండింటికీ ఒకటే బరువు.

"ఏది ముందు విరుగుతాది? ఓడినోళ్లు బజ్జీలు తేవాల."

సన్నదన్నాను. యంత్రం చాలాసేపు తిప్పాక లావుదే ముందు టక్కున విరిగింది, సరిగ్గా గాటు దగ్గర.

"గాటు కాడ కూడా అది లావే కదా మేడమ్!"

"రైకగుడ్డ చింపాలంటే ఏం చేస్తావు?"

"అంచు పంటితో కొరికి లాగుతా."

"మరి! లాగే బలమంతా ఆ కొరుకు కొనకే పోతాది. ఇనుమూ అంతే. ఒక్కసారికి చిరగదు. తిరిగి తిరిగి, అలిసి చిరుగుతాది."

ఆ రోజు నాకు నిద్రపోతున్న ఇనుము లేచి కూర్చున్నట్టయింది. బజ్జీలు తెచ్చాను, సగం నేనే తిన్నాను. కడ్డీల మీద పేర్లు రాయడానికి మేడమ్ నాకు సుద్దముక్క ఇచ్చి నేల మీద 'గ' దిద్దించారు. నా పేరుకంటే ముందు నేను రాసిన మాట 'గాటు'.

మా అన్న మునెయ్య చిత్తూరు దగ్గర మా ఊళ్లో చెరకు గానుగ ఆడించి బెల్లం వండుతాడు. గానుగ ఇరుసు విరిగితే, ఇంకా లావుది చేయించి, మేడమ్‌ని ఊరికి పిలిచి చూపించాడు. లావు ఆగి సన్నం మొదలయ్యే మూల మీద ఆమె బొటనవేలి గోరు నడిపించారు. గోరు తట్టుకుంది.

"మూల కత్తిలా ఉండాది, మునెయ్యా. ఇదీ గాటు లెక్కే."

"లావు సూడండి మేడమ్, ఏనుగు కాలు! ఇది విరిగితే మీసం తీసేస్తా."

షెడ్డుకొచ్చి అదే ఇనుముతో, అదే మూలతో చిన్న కడ్డీలు చేయించి తిప్పాము. మేడమ్ లెక్క కట్టి అన్నారు: "ఫలానా రోజని చెప్పలేను. ఈ సీజను మాత్రం దాటదు. సగంలో ఆపి చూడాల." గానుగ నోటికి చెరకు అందించేది మా వదిన. నడిచే ఇరుసు విరిగితే ఆమె చేతుల మీదే పడుతుంది.

సీజను సగంలో మేము వెళ్లేసరికి కళ్లంలో చెరకు గుట్టగా ఉంది, పెనంలో రసం పొంగుతోంది. గానుగ ఆపడానికి అన్న ఒప్పుకోలేదు. "కోసిన చెరుకు పులిస్తే యాడ పొయ్యేది?"

వదిన చేతిలోని గడ కింద పడేసింది. "చేతులు నావి. ఆపు మిషను."

ఆగింది. మూలకు కిరసనాయిలు పట్టించి, నానాక శుభ్రంగా తుడిచి, సుద్ద పూశాను. పగులుంటే అందులో దాక్కున్న నూనె పైకొచ్చి సుద్దను తడుపుతుంది. తెల్లగానే ఉంది. అన్న మీసం దువ్వాడు. అప్పుడు వెంట్రుకంత తడి గీత మూల వెంట పాకుతూ వచ్చింది.

"వచ్చినాది మేడమ్! వచ్చినాది!" కేక పెట్టాను.

మేడమ్ చిన్నపిల్లలా నా భుజాలు పట్టి ఊపేశారు. "మనం చెప్పిన మూలలోనే!"

అన్న ఆ గీతనూ, వదిన చేతులనూ మార్చి మార్చి చూశాడు. చేయి మీసం మీదికి వెళ్లి ఆగిపోయింది.

"ఉండనీలే," అంది వదిన, "బెల్లంలో వెంట్రుకలు పడకుంటే సాలు."

కొత్త ఇరుసుకు మేడమ్ మూలను బొటనవేలి వంపులా గుండ్రంగా తిప్పించారు. అదింకా తిరుగుతోంది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఏ కొత్త వస్తువు చేతికొచ్చినా నా గోరు ముందు దాని మూల వెతుక్కుంటుంది. ఏటా అన్న బెల్లం పంపిస్తాడు. అది వదిన చేత్తో పట్టిన ముద్ద, దాని మీద ఆమె అయిదు వేళ్ల గుంటలుంటాయి. కొరికేముందు ఆ గుంటల్లో నా వేళ్లు ఒక్కొక్కటిగా పెట్టి చూసుకుంటాను.