లేదని చెప్పడానికి ఫిర్దోసు పడిన పాట్లు

కదిరిలో మా మేడమీది గదిలో ఫిర్దోసు అద్దెకు దిగి ఆరేళ్లయింది. వాళ్ల నాయన దాదాపీర్ పరుపులు కుట్టేవాడు. ఈమె పగలు ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, మిగిలిన పొద్దంతా పీహెచ్‌డీ అంటూ లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. వయసు ముప్పైతొమ్మిది. పెళ్లెప్పుడని అడిగితే చదువు అయ్యాక అంటుంది. చదువు ఎప్పుడవుతుందని అడిగితే మూతి ముడుచుకుంటుంది.

కరువు వస్తే గొర్రెల మందలు తోలుకుని పరాయి సీమలకు మేతకు పోయే కుటుంబాల మీద ఆమె పరిశోధన. నేను ఇరవై ఏళ్లు అట్లా మంద వెంట నడిచినదాన్ని కాబట్టి నా దగ్గర చాలానే అడిగి రాసుకుంది.

మొన్న యూనివర్సిటీలో నలుగురు పెద్దల ముందు నిలబడి, దీని మీద ఇంతవరకు ఎవరూ రాయలేదని గొప్పగా చెప్పిందట.

"లేదా? నీకు దొరకలేదా?" అన్నాడట గైడు.

నలుగురూ నవ్వారు. పదిహేను రోజుల్లో ముందువాళ్లు రాసినవి వెతికి తేవాలి, తేకపోతే సీటు పోతుంది. గడువు ఇదివరకే రెండుసార్లు పొడిగించారు.

ఎక్కడ వెతికినా ఏమీ రావడం లేదని నాలుగో రోజు నా దగ్గర కూర్చుంది. కళ్లు లోపలికి పోయాయి.

"ఏం రాసి వెతుకుతాండావో చదువు మే," అన్నాను.

ఊపిరి తిప్పుకోకుండా చదివింది. ఊరు, మండలం, జిల్లా, కరువు, గొర్రెలు, వలస, కుటుంబాలు, వాళ్ల కష్టాలు, అన్నీ ఒకే వరుసలో ఇంగ్లీషులో పెట్టింది. వీధిలో అందరి పింఛన్లకూ రేషను కార్డులకూ అర్జీలు రాసిన చెయ్యి అది. అర్జీలో ఒక్క ముక్క తగ్గితే ఆఫీసులో తిప్పి పంపుతారని చిన్నప్పటి నుంచీ భయం.

"ఇది అర్జీ. పోయి తాసిల్దారుకు ఇచ్చుకో."

"అన్నీ చెప్తేనే కదవ్వా సరైనది దొరికేది?"

"గొర్రె తప్పిపోతే నేను అట్లా అడిగింటే ఒక్కటీ దొరికేది కాదు. నల్లది, మూతి తెల్లది, ఎడమ చెవి కోసింది, కుంటేది చూసినారా అంటే ఎవురైనా లేదనే అంటారు. ఒకడు మూతి చూసింటాడు, ఇంకోడు కుంటేది చూసింటాడు. ఒట్టి గొర్రెను చూసినారా అంటే ఊరంతా చూసినామంటారు. రెండు గురుతులు చెప్పల్ల. లేదంటే ఇంకో రెండు. ఊరు మారితే మాట మార్చల్ల. మనం అనేది వాళ్లు ఇంకోటంటారు."

"అది వేరే, ఇది వేరే అవ్వా," అని విసురుగా పైకి పోయింది.

మరునాడు చూస్తే పాత పరీక్ష కాగితాల వెనక మూడు వరుసలు గీసి ఉంది. ఒకదానిలో గొర్రెలు, మంద, పశుపోషకులు. పక్కన వలస, మేత, సంచారం. మూడోదానిలో అనంతపురం, రాయలసీమ, దక్కను. వాటికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లుంటే అన్నీ. వరుసకొకటి తీసి కలిపి చూస్తోంది.

"ఒట్టి వలస అని కొడితే పక్షులొచ్చినాయవ్వా."

"వాటిని మేపేదానికి ఎవురు పోతారంట?"

చాలా రోజులకు నవ్వింది. ఒకటి దొరికితే, దాన్ని రాసినవాళ్లు ఏ మాటలు వాడారో చూసి, ఆ మాటలు పట్టుకుని ఇంకొకటి వెతికింది. పదో రోజుకు ముప్పైఆరు దొరికాయి.

ఆ సాయంత్రం మెట్ల మీద కూలబడింది. ఇరవై ఏళ్ల కింద ఎవరో మన పక్క మండలం మందతోనే నడిచి, ఈమె అడగాలనుకున్నవన్నీ అడిగి రాసేశాడట.

"ఆరేండ్లవ్వా. ఇంక నాకేం మిగిలింది?"

అతను రాసింది చదివి చెప్పమన్నాను. గొంతు పోయేదాకా తెలుగులో చెప్పింది.

"మంద వెంట పోయినోళ్ల గురించి బాగానే రాసినాడు," అన్నాను. "పోకుండా ఈడ ముసలోళ్లను, ఎండిన చేలను చూసుకుంటా ఉన్న ఆడోళ్లు యాడ?"

"నువ్వు పోతివి కదా?"

"నేను పోతి. నా తోడికోడలు వెంకటలక్ష్మమ్మ పోలేదు. ఆమెను ఎవురూ ఏమీ అడగలా."

మళ్లీ వరుసలు గీసింది. ఆడవాళ్లు, ఇల్లు, ఉండిపోవడం. రెండే వచ్చాయి, రెండూ వేరే దేశాలవి. ఈసారి సంబరపడలేదు. మాటలు మార్చి మార్చి ఇంకో నాలుగు రోజులు వెతికింది. బడిలో నిలబడే కునికిందట.

గడువు నాడు గైడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఈమె కాగితాలు ముందు పెట్టింది. ఏ రోజు ఏ మాటలతో వెతికిందో, ఎన్ని వచ్చాయో, వాటిలో ఏవి పనికిరావో, అంతా అందులో ఉంది. ఆయన చాలాసేపు చదివి, "లేదు," అని తనే మిగతా వాళ్లకు చెప్పాడట. శీర్షిక మార్చి రెండేళ్లు ఇచ్చారు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గోడకు జారగిలబడింది.

"సీటు ఉంచినారవ్వా. మళ్లీ మొదటినుంచి. అయ్యేలోగా నలభైఒకటి వస్తాయి నాకు."

"రానీ. వెంకటలక్ష్మమ్మకు డెబ్బైఎనిమిది. రేపే పో."