రాశి కొలవకముందు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా కొట్టంలో ఉన్న జోడెడ్ల మీద ఒట్టు, పొద్దున నేను తిన్న జొన్నరొట్టె మీద ఒట్టు. ఎల్లారెడ్డి ఊరి అంగట్లో నేను నోరు తెరవగానే నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. "నువ్వు చెప్పిన దాంట్ల సగం ఇప్పుడే తీసేస్తం, ఉన్న సగం రేపు నమ్ముతం" అంటారు. వాళ్ల ఇష్టం. ఇది మాత్రం నేను కళ్లారా చూసిన సంగతి.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వచ్చే బస్సుకు వెనక బొగ్గుల పొయ్యి తగిలించారు. ఎత్తు వచ్చిందంటే ఎక్కినవాళ్లంతా దిగి తొయ్యాలి. మా అక్కను చేసుకున్న బావ ఆ బస్సు మీదే మా ఊరికి వచ్చేవాడు. "మీ బావ బస్సు మీద వచ్చిండా?" అని ఎవరైనా అడిగితే, "లేదు, బస్సునే పట్టుకొచ్చిండు" అని చెప్పేవాణ్ణి.

బావ కామారెడ్డిలో పంతులు. పుట్టి పెరిగింది పట్నంలో. రాజుల మీద, చందమామ మీద పాటలు రాసింది చాలు, ఇక పేదల మీద రాయాలని ఆయన పట్టుదల. మంచివాడు. మంచివాడు కాబట్టే ఇంత పని జరిగింది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. ఎండకు కాకులు ఎగరడం మానేసి, బండి కింద నీడ పట్టుకుని ఎల్లారెడ్డి దాకా నడిచి వెళ్లేవి. దసరా సెలవులకు వచ్చిన బావ మునిమాపు వేళ మా అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడే చాకలవ్వ వచ్చింది. నడుము వంగి, చూపు మసకబారిన ముసలి మనిషి. చంకలో మట్టి గురిగి. గడప ముందు నిలబడి "అమ్మా, బువ్వ" అని పిలిచింది. మా అమ్మ గురిగిలో జొన్న గటక వేసి, మీద పులుసు పోసింది. అవ్వ పక్కింటి ముందుకు పోయి మళ్లీ అదే పిలుపు పిలిచింది. బావ కళ్లు చెమ్మగిల్లాయి.

నేను కొట్టంలో ఎడ్లకు మేత వేస్తున్నాను, లేకుంటే అక్కడే చెప్పేవాణ్ణి. మా దగ్గర పాలుతాగే పిల్లకు కూడా తెలుసు: ఇంటింటి బట్టలు ఉతికే మనిషికి పొద్దుగూకగానే ఇంటింటా వండినదాంట్లోంచి పెట్టాలి. అది కూలి. పెట్టడం ఆలస్యమైతే అవ్వ ఊరుకునేది కాదు. "ఏందమ్మా, మీ బట్టలు నేను రేపు మాపు అన్ననా? నా బువ్వకేంది గింత తాత్సారం?" అని వాకిట్లోనే దులిపేసేది. పెద్ద మూటలు మోయలేకపోతున్నా బాలింతల బట్టలు, పసిపిల్లల బట్టలు ఆమె చేతిమీదుగానే పోయేవి.

బావ ఇవేమీ అడగలేదు. కామారెడ్డికి పోయి పాట రాశాడు. "చిల్లు కుండ చంకనెట్టి, చీకటింట చేయి చాచు, బిచ్చపు ముదుసలమ్మ" అని దాని పల్లవి. పత్రికలో అచ్చయింది. పత్రిక బొగ్గుల బస్సెక్కి మా ఊరి కచ్చేరికి వచ్చింది. కచ్చేరి అంటే దొర భూముల వ్యవహారం చూసే చోటు. దొర పట్నంలో ఉండేవాడు, ఇక్కడ గుమాస్తా దగ్గితే దొర దగ్గినట్టే. అతను ఆ పాటను నలుగురి ముందు రాగం తీసి చదివాడు. వారం తిరక్కుండా మునిమాపున అవ్వ వెనక పిల్లలు అదే పాట పాడుతూ తిరిగారు. అవ్వ తిరిగి చూసేది కాదు. కాని ఒకటి రెండు ఇండ్లలో గటక పలచబడింది.

మాఘంలో కచ్చేరి కల్లంలో జొన్న రాశి పోశారు. కల్లం పద్ధతి చెప్పాలి. నాగలి చెక్కిన వడ్లాయనకు, కర్రు సాగదీసిన కమ్మరికి, బట్టలు ఉతికిన చాకలికి రాశి కొలవకముందే వాళ్ల పాలు తీసి గంపల్లో పోస్తారు. దాన్ని మేర అంటారు. ఆ తర్వాత కొలిచే తాత మొదటి కుంచం ఎత్తి, ఒకటి అనకుండా "లాభం" అంటాడు. ఆ మాట పడ్డాక రాశిని ఇంకెవరూ తాకకూడదు. కొలత అయిపోయి గింజలు బండ్లకెక్కాక నేల మీద మిగిలిన తాలూ తప్పా బిచ్చగాళ్లు ఊడ్చుకుంటారు. లాభానికి ముందు గంప పెట్టినవాళ్లది హక్కు, తర్వాత కొంగు పట్టినవాళ్లది బిచ్చం. ఒక్క ఏడు అటు జరిగితే మళ్లీ ఏడు ఇటు పిలిచేవాళ్లుండరు. అప్పుడు రోజూ గురిగిలో పడే బువ్వ కూడా బిచ్చమే అవుతుంది.

ఆ రోజు శుక్రవారం, అప్పట్లో బడికి సెలవు ఆ రోజే. కల్లం చూస్తానని బావ కూడా వచ్చాడు. అవ్వ అప్పటికే కొలత పోసే చోట ఉతికిన బట్ట పరిచింది, గంప ముందు పెట్టుకుని కూర్చుంది. వడ్లాయన గంప నిండింది, కమ్మరి గంప నిండింది.

"ఇగ చాలు, కొలువు తాతా" అన్నాడు గుమాస్తా.

"అవ్వకు పోయలే" అన్నాను.

"ఎత్తినంక పోస్తం. బిచ్చపోల్లతోని."

కల్లంలో ఉన్నవాళ్లంతా గుమాస్తా వైపు తిరిగారు.

"నేనంటలేను పటేలా" అన్నాడు గుమాస్తా నాతో, మా బావ వైపు చూసి నవ్వుతూ. "పంతులే రాసిండు. అచ్చుల వడ్డది అబద్ధమైతదా?"

బావ ముందుకొచ్చాడు. "అది కవిత్వమండీ."

"అంటె కవిత్వమంటె అబద్ధమా? గీ నలుగుట్ల ఒప్పుకో మరి."

"నాకు తెలియక రాశాను."

"సదువుకున్న నీకే తెల్వకపోతె మాకేం తెలుస్తది? కొలువు తాతా!"

తాత కుంచం నింపి పైకెత్తాడు. అప్పుడు అవ్వ లేచింది. తను పరిచిన బట్ట కొసను పట్టుకుని గుంజింది.

"నా బట్ట నాకియ్యుండ్రి. బిచ్చగత్తె బట్ట మీద పోస్తె లచ్చిమి నిలుస్తదా దొరా? నీ ఇంట్ల పురుడైతె బట్టలు పిండిన చేతులు గివి. ఆ పొద్దు బిచ్చానికొచ్చిన్నా, నువ్వు పిలిస్తె వచ్చిన్నా?"

గుమాస్తా నవ్వు ఎండిపోయింది. "పొయ్యుండ్రి" అన్నాడు. గంప నిండింది. అంచు దాటాక గాని తాత చెయ్యి ఆపలేదు.

తిరిగి వస్తుంటే బావ గంప అందుకోబోయాడు. అవ్వ ఇవ్వలేదు. "నా మేర నేను మోస్కుంట బిడ్డా. నీ ధోతికి సిరా మరకున్నది సూడు. ఇడిచియ్యి, ఉతికిస్త. మీ అత్తతోని బువ్వ మాత్రం నిండుగ పెట్టియ్యి" అంది. బావ ధోతి ఇచ్చాడు. అవ్వ రెండుసార్లు ఉతికింది. మరక మాత్రం పోలేదు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది, చెప్పేస్తాను. కల్లంలో అవ్వ ఆ మాటలు అనలేదు. అసలు నోరే విప్పలేదు. బట్ట కొస గుంజనూ లేదు. గంప ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

జరిగింది ఇది. తాత కుంచం ఎత్తాడు, లాభం అనలేదు. ఎత్తిన కుంచం అంచు మీంచి గింజలు ఒకటొకటే జారుతున్నాయి. "అనవేందిర?" అని గుమాస్తా అరిచాడు. "అవ్వ గంప ఇంక ఖాళీగనే ఉన్నది దొరా" అన్నాడు తాత, అంతే. గుమాస్తా చుట్టూ చూశాడు. కమ్మరి గాని, వడ్లాయన గాని నిండిన గంపలు ఎత్తుకోలేదు. అతను బాట వైపు ముఖం తిప్పుకుని చెయ్యి ఊపాడు. తాత ఆ కుంచాన్ని అవ్వ గంపలో బోర్లించాడు. ఆ గింజల చప్పుడు అయ్యాకే లాభం అన్నాడు.

అవ్వ మాత్రం గంపలో పడ్డ ఒక పొల్లు ఏరి పారేసి, కొంగు సర్దుకుంది. అక్కడ మాట్లాడే పని లేదనుకుంది కాబోలు. ఊరుకోలేనిది నేను.