పొట్టి పేర్ల గ్రాఫు

పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా నేను డైరీ మానలేదు. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. కిడ్నీ జబ్బు పరిశోధనకని మా రక్తం తీసుకెళ్లిన ప్రతి బృందం వివరమూ అందులో ఉంది. మొదట్లో పరిశోధనల పేర్లు రెండేసి వరుసలు పట్టేవి. పోనుపోను ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అతికించిన పొట్టి ముద్దుపేర్లు వచ్చాయి. అలాంటివి ఏ ఏడాది ఎన్ని వచ్చాయో గ్రాఫు కూడా గీశాను.

మొన్న కొత్త బృందం వచ్చినప్పుడు, వరుసలో ఉన్న ఊరివాళ్ల ముందే ఆ గ్రాఫు డాక్టరుగారికి గర్వంగా చూపించాను. రక్తం ఇవ్వడానికి కూర్చున్న పొరుగింటి సూరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బావా, ఆళ్ల పేర్లన్నీ రాసినావు. ఇన్నిసార్లు సెయ్యి సాపినాను, నా కిడ్నీలు ఎలగున్నాయో ఒకలైనా సెప్పినారేటి? అదెక్కడ రాసినావు?"

డైరీ తిరగేశాను. ఎక్కడా లేదు. వరుసంతా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. డైరీ అడిగి తీసుకుని, ఫలితం చెప్పే తేదీ తన చేత్తో రాసి సంతకం పెట్టారు. అప్పుడు గాని సూరమ్మ చెయ్యి చాపలేదు.

ఆ తేదీకి ఆయన ఫలితం కాగితంతో వచ్చి, సూరమ్మతో "నీ కిడ్నీలు బాగున్నాయమ్మా" అన్నారు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఆ పరిశోధన పేరు రాయడం మాత్రం మరిచిపోయాను.