గాలిని నమ్మని కొండల్ రావు గారు

2023 అక్టోబర్ 16, సోమవారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలకు కొండల్ రావు గారు తమ వంటింట్లో కాఫీ పొడి డబ్బాలోకి దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు పట్టిస్తున్నారు. ఆయనకు మనుషులందరి మీదా నమ్మకమే. గాలి మీద మాత్రం లేదు.

అమెరికాలోని మోరిస్‌విల్ నుంచి యూనివర్సిటీకి ఆయనా నేనూ ఒకే కారులో వెళ్తాం. మాది ఆర్గానోమెటాలిక్ ప్రయోగశాల. లోహానికీ కార్బన్‌కూ బంధం కలపడం మా పని. ఆ బంధాల్లో చాలా వాటికి రవ్వంత ఆక్సిజన్ తగిలినా చాలు, పాడైపోతాయి. ఆ జాగ్రత్తను ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు.

"చూడండి అన్నయ్యగారూ, ఆవకాయక్కూడా పట్టిస్తున్నారు. మా అమ్మ జాడీకి గుడ్డ కడితే ఏడాదుండేది," అని ఆయన భార్య మీనాక్షి గారు నాతో మొరపెట్టుకున్నారు.

"అది మీ అమ్మగారి అదృష్టం. నేను అదృష్టంతో ప్రయోగాలు చెయ్యను," అంటూ ఆయన మూత బిగించారు.

కిందటేడు పక్కింటి రియా పుట్టినరోజుకు బెలూన్ల బాధ్యత ఆయనకు అప్పగించారు. హీలియం నిలకడ లేనిదని తీర్మానించి, అన్నింటిలోనూ ఆర్గాన్ నింపారు. గాలికంటే బరువైన వాయువు కదా, బెలూన్లన్నీ కార్పెట్ మీద బైఠాయించాయి.

"అంకుల్, బెలూన్స్ ఎందుకు పైకి వెళ్లదు?" అని రియా వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఎందుకు వెళ్లాలమ్మా? అక్కడంతా గాలి."

ఆ సోమవారం మేము వెళ్లేసరికి పీహెచ్‌డీ విద్యార్థిని దేదీప్య గ్లోవ్‌బాక్స్ ముందు నిలబడి ఏడుస్తోంది. అది గాలి చొరబడని గాజు పెట్టె. తొడుగుల్లోంచి చేతులు దూర్చి లోపల పనిచేస్తాం. శని, ఆదివారాల్లో ఒక తొడుగు చిరిగింది. ఎర్రగా ఉండవలసిన ఆమె నికెల్ స్ఫటికాలు మట్టిరంగుకు తిరిగాయి. మధ్యాహ్నం ఎక్స్‌రే యంత్రం మీద ఆమె వంతు. ఆ స్ఫటికం లోపలి అమరిక చిత్రం లేనిదే థీసిస్ ఆమోదించబోమని కమిటీ ముందే చెప్పింది.

"అయిపోయింది సర్. మళ్లీ చేయాలంటే నెల పడుతుంది. థీసిస్ డిఫెన్స్ పోస్ట్‌పోన్ చేస్తే జాబ్ ఆఫర్ పోతుంది."

"గాలిని నమ్మావా?"

"గ్లోవ్‌ని నమ్మాను సర్."

"రెండూ ఒకటే."

ఇక ఉపన్యాసం తప్పదనుకున్నాను. ఆయన నేరుగా వెళ్లి, మూలనున్న ఫ్రీజర్ తెరిచి, చిటికెన వేలంత గాజు గొట్టం తెచ్చారు. రెండు కొసలూ మంటలో కరిగించి మూసినది. పైన దేదీప్య పేరు, లోపల ఎర్రటి స్ఫటికాలు.

"ఇవి నావేనా సర్? ఎప్పుడు దాచారు?"

"ఆగస్టులో. నువ్వు ఖాళీ అనుకుని ఫ్లాస్క్‌ను పెట్టెలోంచి బయటికి తీయబోయావు. నేను కడుగుతానని లోపలే ఉంచమన్నాను. అడుగున పది మిల్లీగ్రాములు ఉన్నాయి."

"అప్పుడే చెప్పొచ్చు కదా సర్! పొద్దున్నుంచి చచ్చిపోతున్నాను."

"చెబితే జాగ్రత్త తగ్గుతుంది."

ఆమె గొట్టం పుచ్చుకుని ఎక్స్‌రే గదివైపు పరుగెత్తింది. ఆయన వెనకనుంచి కేకేశారు: "చూసుకుని వెళ్లమ్మా! దారంతా గాలి!"

సాయంత్రం నాలుగింటికి తెర మీద చిత్రం తేలింది. ప్రతి పరమాణువూ తన చోట ఉంది. దేదీప్య ఆనందంతో అరుస్తుంటే, కొండల్ రావు గారు తొడుగు మార్చే పనిలో పడ్డారు.

ఫ్రీజర్ తలుపు సరిగా పడలేదని మూయడానికి వెళ్లాను. లోపల అలాంటి గొట్టాలే వరుసగా ఉన్నాయి. పట్టా పుచ్చుకుని వెళ్లినవారివి, సగంలో మానేసినవారివి, మొన్న చేరిన ఎమ్మెస్ కుర్రవాడిది. నా పేరుతోనూ ఒకటి ఉంది. తలుపు వేసే ముందు లెక్కపెట్టాను.

64.