మునిగిన లోకానికి ఓ వల

విజయనగరంలో మా వీధికి చేపలు తెచ్చే అత్త ఏ బొమ్మనైనా తడి వేలితో తాకి చూసేది. లోకమంతా సముద్రంలో మునిగిపోయాక మిగిలిన మనుషుల కథను నేను కామిక్ పుస్తకాలుగా గీస్తున్న రోజులవి. మూడో పుస్తకం ముందుకు సాగక మానేద్దామనుకుంటున్నాను. ఒకరోజు అరుగు మీద ఆరబెట్టిన పేజీ ఆవిడ కంటపడింది. అందులో చుట్టూ సముద్రం, మునగకుండా మిగిలిన కోట బురుజు మీద కూర్చుని జనం ఏడుస్తున్నారు.

“ఏటే పిల్లా, సుట్టూ సేపలుంటే ఏడుస్తారేటి? వలెయ్యమను!” అంటూ వేలు పెట్టింది. సిరా అలుక్కుపోయింది.

నాకు నవ్వాగలేదు. ఆ మరకనే వలగా గీశాను. ఇక జనం చేపలు లాగుతూ, పాడుతూ, పోట్లాడుకుంటూ పన్నెండు పేజీలు నింపేశారు. వాళ్ల నాయకురాలిగా అత్తనే గీశాను.

పేజీలన్నీ పూర్తయ్యాక చూపిస్తే మురిసిపోయింది. అంతలోనే మొహం చిట్లించింది.

“అందరూ సేపలట్టేస్తే, నా దగ్గర కొనేదెవులే?”

నాలుగో పుస్తకం అక్కడే మొదలైంది.