మోచేతి కింద చెయ్యి

పజుండౌంగ్ పేటలో మా ముందుగదిలో పిల్లలకు తెలుగు చెప్పడానికి వచ్చిన టీచరమ్మకు ఒక అలవాటుండేది. ఏది ఇచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఎడమచెయ్యి మోచేతి కింద పెట్టి, కాస్త వంగేది. ఈ బర్మాలో పెద్దవాళ్ళకు అలా ఇస్తాం. ఆవిడ మాత్రం పిల్లలకు సుద్దముక్క ఇచ్చినా అంతే, మా పిల్లికి చేపతల పెట్టినా అంతే.

"ఏటమ్మా, పిల్లికి కూడా మరియాదేనా?" అన్నాను.

"ఆఫ్రికా పల్లెలో జీతం లేకుండా చదువు చెప్పినప్పుడు అక్కడి పిల్లలు నేర్పారు పిన్నీ. ఒంటిచేత్తో ఇస్తే విసిరినట్టేనట."

"జీతం లేని పనికి అంత దూరమెల్లి తెచ్చుకున్నది ఇదేనేటే తల్లీ?"

ఒకరోజు ఇంటి ఓనరు, బర్మా ముసలామె, మెట్లెక్కి వచ్చింది. ఈ గోల పడలేను, రేపటినుంచి బడి మూసెయ్యమంది. టీచరమ్మకు బర్మా భాష రాదు. ముసలామె తిడుతుండగానే టీచరమ్మ టీ పోసి, మోచేతి కింద చెయ్యి పెట్టి, వంగి అందించింది.

ముసలామె కాసేపు ఆ చేతినే చూసింది. "నా మనవరాళ్ళే ఇలా ఇవ్వడం మానేశారు" అంది. టీ తాగి, "పిల్లల్ని మెల్లగా చదవమను" అని నాతో చెప్పి దిగిపోయింది.

టీచరమ్మ వెళ్ళిపోయినా, ఆవిడ దగ్గర చదివిన పెద్దపిల్ల బడి నడుపుతోంది. చిక్కల్లా నాకే వచ్చింది. ఒంటిచేత్తో పెడితే మా పిల్లి చేపతల ముట్టదు.