మా వంటింట్లో స్వాహిలి

ఢిల్లీలో ఆఫ్రికా అధ్యయనాల ఎం.ఏ.లో చేరినప్పుడు, పేపర్లు రాసి గట్టెక్కితే చాలనుకున్నాను. డిగ్రీ చేతికి రావాలంటే ఒక పరిశోధనా వ్యాసం రాయాలని, ఆఫ్రికా భాష ఒకటి నేర్చుకుని పరీక్షకుల ఎదుట మాట్లాడాలని తర్వాత తెలిసింది. నేను స్వాహిలి తీసుకున్నాను. వ్యాకరణం బాగానే వచ్చేది. నోరు తెరిస్తే మాత్రం ఒక్క వాక్యం కూడా పూర్తయ్యేది కాదు.

వేసవి సెలవులకు మా ఊరు గరివిడి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే అమ్మ కాసేపు విని, "గోడతో మాటాడితే ఏటొస్తాది? ఆ బాస వచ్చిన మనిసి గావాల," అంది.

ఆ మనిషి దగ్గర్లోనే దొరికింది. విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా పిన్ని కూతురికి టాంజానియా నుంచి వచ్చిన స్నేహితురాలు ఉంది. ఆ అమ్మాయి అంత దూరం వెళ్ళలేక సెలవుల్లోనూ హాస్టల్లోనే ఉండిపోయింది. ఒక ఆదివారం మా చెల్లి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. నేను బట్టీపట్టిన పలకరింపులన్నీ అప్పజెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నువ్వు వార్తలు సదువుతున్నట్టు మాటాడతన్నావు," అంది. తెలుగులో, అచ్చం మా యాసే. హాస్టల్ వంటమ్మలు నేర్పారట.

మధ్యాహ్నం అమ్మ రాగిపిండితో చోడి అంబలి కాస్తుంటే ఆమె పొయ్యి దగ్గరకు వెళ్ళింది. "ఇంకొంచెం పిండి ఎయ్యండి పెద్దమ్మా. మా ఊల్లో మొక్కజొన్న పిండితో ముద్దలాగ సేస్తాం," అని తెడ్డు అందుకుంది. కలుపుతూనే నాకు స్వాహిలిలో పనులు పురమాయించింది. నీళ్ళు తెమ్మంటే ఉప్పు తెచ్చాను. అమ్మకు నవ్వాగలేదు.

ఆ ముద్దను చేపల పులుసుతో తిన్నాం. తింటూ తింటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఏటమ్మా, కారం ఎక్కువైపోనాదా?" అని అడిగింది అమ్మ.

"లేదు పెద్దమ్మా. ఇల్లు గుర్తొచ్చినాది."

అమ్మ ఆమె కంచంలో మరో చేప ముక్క వేసింది.

సెలవులయ్యేదాకా ప్రతి ఆదివారం ఆమె వచ్చేది. కూరలు తరుగుతూ, డాబా మీద బట్టలు ఆరేస్తూ మాట్లాడుకునేవాళ్ళం. నేను తప్పు మాట్లాడినా ఆపేది కాదు, అదే మాట తను సరిగ్గా అనేది. ఢిల్లీ వెళ్ళాక పరీక్షలో మీ ఇంటి గురించి చెప్పమన్నారు. ఆగమనేదాకా చెబుతూనే ఉన్నాను.

చదువైపోయాక ఆమె తన దేశం వెళ్ళిపోయింది. నేను శ్రీకాకుళంలో ఉద్యోగంలో చేరాను. ఇక్కడ స్వాహిలి మాట్లాడే పనేముంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. మొన్న ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ఫోన్‌కి టాంజానియా నుంచి ఆమె కూతురి వాయిస్ మెసేజ్ వచ్చింది. చిన్నపిల్ల, గబగబా ఏదో చెబుతోంది. "ఏటంటన్నాదో సెప్పవే," అంది అమ్మ. రెండుసార్లు విన్నా సగమే తెలిసింది. మిగతా సగం అడుగుదామని వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. అడగాల్సింది మర్చిపోయి చాలాసేపు మాట్లాడుకున్నాం.